ఓటు రహస్యం - లెక్క బహిరంగం

ప్రజాస్వామ్యం పౌరునికి రెండు వాగ్దానాలు చేస్తుంది. నీవు ఎవరికి ఓటు వేశావో ఎవ్వరికీ తెలియనివ్వను అన్నది మొదటిది. అందరూ వేసిన ఓట్లను అందరి ఎదుటనే లెక్కిస్తాను అన్నది రెండవది. ఓటు రహస్యంగా ఉండాలి. లెక్క బహిరంగంగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఎన్నిక అన్న మాటకు అర్థం ఉండదు. రహస్యం పోయిన నాడు బలవంతుని భయం ఓటరు చేతిని నడిపిస్తుంది. బహిరంగత పోయిన నాడు లెక్క పెట్టేవాడే పాలకుణ్ణి నిర్ణయిస్తాడు.

నేడు ఓటును నమోదు చేయడానికి, లెక్కించడానికి, ఆ లెక్కను దూరప్రాంతాలకు చేరవేయడానికి ఎలెక్ట్రానిక్ సాధనాలు వచ్చాయి. వీటిని గురించి మన దేశంలో సాగుతున్న చర్చ చాలావరకు రెండు శిబిరాల కేకలుగానే వినిపిస్తుంది. యంత్రానికి తప్పు చేయడమే తెలియదని ఒక శిబిరం, యంత్రమంటేనే మోసమని మరొక శిబిరం. చిత్రమేమంటే ఎన్నిక ఎన్నికకూ ఈ శిబిరాలలోని మనుషులు మారిపోతుంటారు. గెలిచినవారికి యంత్రం ధర్మరాజు. ఓడినవారికి అదే శకుని పాచిక. విద్యార్థి మిత్రులారా! ఈ ప్రశ్నను గెలుపోటముల నుండి వేరుచేసి ఆలోచించవలసిన బాధ్యత చదువుకున్నవారిది. ఏ సాధనం వచ్చినా దానిని మనం అడగవలసినది ఒక్కటే: నీవు ఆ రెండు వాగ్దానాలను నిలబెడతావా?

నిన్నటి కష్టాలు

యంత్రాన్ని నిందించే ముందు కాగితపు కాలాన్ని ఒకసారి స్మరించడం న్యాయం. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షల మంది. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఆధ్వర్యంలో ప్రతి అభ్యర్థికి ఒక పెట్టె, ఆ పెట్టెపై ఒక గుర్తు ఏర్పాటు చేశారు. తమకు నచ్చిన గుర్తున్న పెట్టెలో ఓటరు చీటీ వేయడమే ఆనాటి పద్ధతి. తరువాత ఒకే కాగితంపై అందరి పేర్లు, గుర్తులు అచ్చువేసి ముద్ర వేయించే పద్ధతి వచ్చింది. దానితో చెల్లని ఓట్లు వచ్చాయి. సిరా అంటుకున్న కాగితాలపై వాదులాటలు వచ్చాయి. దౌర్జన్యంగా కేంద్రంలోకి చొరబడి కట్టలకు కట్టలు ముద్రలు గుద్దే దుర్మార్గమూ వచ్చింది. కాగితం పవిత్రమైనదేమీ కాదని మన పెద్దలకు బాగా తెలుసు.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడు నీటి బాధను దేశం దృష్టికి తేవడానికి ప్రజలు గుంపులుగా నామినేషన్లు వేశారు. మొత్తం 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ కాగితం ఒక పుస్తకంగా మారింది. చివరకు అక్కడ పోలింగునే వాయిదా వేయవలసి వచ్చింది. 23 సంవత్సరాల తరువాత, 2019లో, నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కొరకు అదే మార్గం పట్టగా 185 మంది పోటీలో మిగిలారు. ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌పై 16 పేర్లు పడతాయి గనుక ప్రతి పోలింగు కేంద్రంలోనూ 12 యూనిట్లను వరుసగా అమర్చారు. పోలింగు ఆ ఒక్కరోజులోనే ముగిసింది. యంత్రానికి దక్కవలసిన కీర్తిని దానికి ఇవ్వక తప్పదు.

హైదరాబాదు నుండి పరూరుకు

ఈ యంత్రం చరిత్రలో మన నగరానికి పెద్ద పాత్ర ఉంది. 1977లో ఎన్నికల సంఘానికి ఈ ఆలోచన రాగా, 1979లో హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ మొదటి నమూనాను తయారు చేసింది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధుల ఎదుట దానిని ప్రదర్శించారు. 1982 మే 19న కేరళలోని పరూరు శాసనసభ నియోజకవర్గంలో, 84 పోలింగు కేంద్రాలలో 50 చోట్ల, తొలిసారిగా ఓటర్లు మీట నొక్కారు.

ఆ ఎన్నిక కథ ఆసక్తికరమైనది. యంత్రం కూడదని ముందుగా కోర్టుకెక్కిన అభ్యర్థి శివన్ పిళ్ళై 123 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. ఓడిన ఏ.సి. జోస్ అదే యంత్రాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1984లో సర్వోన్నత న్యాయస్థానం, చట్టంలో చోటు లేని పద్ధతిని ఎన్నికల సంఘం తనంతట తాను ప్రవేశపెట్టరాదని తీర్పునిచ్చి, ఆ 50 కేంద్రాలలో తిరిగి పోలింగు జరిపించింది. ఈసారి జోస్ గెలిచాడు. ఆ తరువాత ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, 61-ఎ సెక్షను ద్వారా 1989 నుండి యంత్రాలకు చట్టబద్ధత కల్పించారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశంలోని 543 నియోజకవర్గాలలోనూ వీటినే వాడారు. చెల్లని ఓట్ల బెడద పోయింది. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి నమోదు కాని యంత్రం ముందు కట్టలు గుద్దే మూకలకు పని తగ్గింది. రోజుల తరబడి సాగే లెక్కింపు పూటలోకి కుదిరింది.

కంటికి కనబడని లెక్క

ఇంత మేలు జరిగినా ఒక లోటు మాత్రం మిగిలింది. కాగితపు ఓటును విప్పి, ఎత్తి చూపి, ఒక కట్టలో పెట్టేటప్పుడు అక్షరం రాని ఏజెంటు కూడా కళ్లతో చూసి ఔను, కాదు అనగలిగేవాడు. యంత్రంలో ఆ పని కంటికి కనబడదు. మీట నొక్కితే అంకె వెలుగుతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో చూడగలవారు దేశంలో గుప్పెడుమంది. నిపుణుడు నిజాయితీపరుడే కావచ్చు. అయినా నిపుణుని మాటపైనే ఆధారపడిన లెక్కను బహిరంగమైన లెక్క అనగలమా?

ఈ ప్రశ్నకు జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చి 3న స్పష్టమైన సమాధానం చెప్పింది. 2005లో ఆ దేశపు పార్లమెంటు ఎన్నికలలో కొన్నిచోట్ల వాడిన యంత్రాలను విచారించి, ఎన్నికలోని ముఖ్యమైన దశలను ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేకుండానే పౌరుడు పరీక్షించుకోగలగాలని, ఆ యంత్రాలలో అందుకు వీలు లేదని తీర్పు చెప్పింది. మోసం జరిగిందని రుజువు కానందున ఆనాటి ఫలితాన్ని మాత్రం రద్దు చేయలేదు. ఆ తీర్పులోని సూక్ష్మం మనం గ్రహించాలి. మోసం జరగకపోవడం వేరు, జరగలేదని సామాన్యుడు తానే తెలుసుకోగలగడం వేరు. ఎన్నికకు రెండూ కావాలి.

మన దేశం యంత్రాన్ని విడువకుండానే ఈ లోటును పూడ్చే ప్రయత్నం చేసింది. మీట నొక్కగానే అభ్యర్థి పేరు, గుర్తు గల చీటీ అద్దం వెనుక ఏడు సెకన్లపాటు కనబడి పెట్టెలో పడే ఏర్పాటు వచ్చింది. వీవీప్యాట్ అని పిలిచే ఈ పరికరాన్ని 2013 సెప్టెంబరులో నాగాలాండులోని నోక్సెన్ ఉప ఎన్నికలో తొలిసారి వాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి అన్ని పోలింగు కేంద్రాలకూ విస్తరించారు. సగం కేంద్రాల చీటీలను లెక్కించాలని ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు నాయుడు, తదితర ప్రతిపక్ష నాయకులు కోరగా, సుప్రీంకోర్టు ప్రతి శాసనసభ నియోజకవర్గ పరిధిలో ఒక కేంద్రానికి బదులు ఐదు కేంద్రాల చీటీలు లెక్కించమని ఆదేశించింది. మొత్తం చీటీలు లెక్కించాలన్న కోర్కెను 2024 ఏప్రిల్ 26న అదే న్యాయస్థానం తిరస్కరించింది. అయితే గుర్తులను యంత్రంలోకి ఎక్కించే పరికరాలను ఫలితాల తరువాత 45 రోజులు భద్రపరచాలని, రెండవ, మూడవ స్థానాలలో నిలిచిన అభ్యర్థులు కోరితే ఐదు శాతం యంత్రాలను పరీక్షించాలని చెప్పింది.

ఆ కేసులో బయటపడిన ఒక ఉదంతం మన తెలుగు నేలకు చెందినది. 2019లో కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోని ఒక పోలింగు కేంద్రంలో యంత్రం లెక్కకు, చీటీల లెక్కకు పొంతన కుదరలేదు. పోలింగుకు ముందు పరీక్ష కొరకు వేసిన నమూనా ఓట్లను యంత్రం నుండి చెరపకపోవడమే దానికి కారణం. యంత్రం తప్పు చేయలేదు, మనిషి మరిచాడు. కాని ఆ మరపు ఎలా బయటపడింది? పక్కన కాగితం ఉన్నందువల్ల బయటపడింది. కాగితమే లేకపోతే ఆ పొరపాటు అంకెగా మారి, అంకె ఫలితంగా మారి, ఎవరికీ తెలియకుండానే చరిత్రలో కలిసిపోయేది.

తీగపై నడిచే లెక్క

ఇక లెక్కను చేరవేసే విషయానికి వద్దాం. ఈ విషయంలో కెన్యా దేశానుభవం ప్రపంచానికే ఒక పాఠం. అక్కడ ఓటు కాగితంపైనే. లెక్కింపు పోలింగు కేంద్రంలోనే, చేతులతోనే. ఫలితాన్ని 34-ఎ అనే పత్రంలో రాసి, ఏజెంట్లు సంతకాలు చేసిన తరువాత, అంకెలను, ఆ పత్రం ఛాయాచిత్రాన్ని ఎలెక్ట్రానిక్ పరికరం ద్వారా రాజధానికి పంపాలి. 2017 ఆగస్టు 8న జరిగిన అధ్యక్ష ఎన్నికలో అంకెలు వేగంగా వచ్చి చేరాయి. అనేక పత్రాలు మాత్రం రాలేదు. పత్రాలన్నీ అందకుండానే ఫలితం ప్రకటించారు. తన సర్వర్లను పరిశీలనకు తెరవమని సుప్రీంకోర్టు ఆదేశించినా అక్కడి ఎన్నికల సంఘం పూర్తిగా తెరవలేదు. సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా నాయకత్వంలోని ధర్మాసనం నలుగురు ఇద్దరి మెజారిటీతో ఆ ఎన్నికను రద్దు చేసింది. 2022లో అదే దేశం నేర్చుకున్న పాఠాన్ని ఆచరణలో పెట్టింది. 46 వేలకు పైగా పోలింగు కేంద్రాల పత్రాల ఛాయాచిత్రాలను అందరూ చూడగలిగేలా ఉంచింది. పత్రికలవారు, పార్టీలవారు, సామాన్యులు ఎవరికి వారు కూడికలు వేసుకున్నారు. వివాదం అప్పుడూ కోర్టుకు వెళ్లింది. కాని ఈసారి న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఫలితాన్ని సమర్థించారు.

దీని సారాంశమేమి? తీగ వార్తను మోయవచ్చు. సాక్ష్యం మాత్రం సంతకం పెట్టిన కాగితంలోనే ఉండాలి. రెండూ వేర్వేరుగా చేరి, ఒకదానితో మరొకటి సరిపోయినప్పుడే నమ్మకం కుదురుతుంది.

మన దేశంలో ఓట్లను తీగపై పంపరు. యంత్రానికే ముద్రలు వేసి లెక్కింపు కేంద్రానికి తరలిస్తారు. దానితోపాటు 17-సి అనే పత్రం ఉంటుంది. ఆ కేంద్రంలో యంత్రం సంఖ్య ఎంత, ఎంతమంది ఓటు వేశారు, యంత్రంలో ఎన్ని ఓట్లు నమోదయ్యాయి అన్న వివరాలు అందులో రాస్తారు. పోలింగు ముగిసే సమయానికి అక్కడున్న ప్రతి ఏజెంటుకు దాని నకలును, రసీదు పుచ్చుకొని, ప్రిసైడింగు ఆఫీసరు ఇవ్వాలని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. రసీదు, దస్కతు, మొహరు అన్న మాటలు ఉర్దూ, పారసీల నుండి మన తెలుగు కచేరీలలోకి వచ్చి స్థిరపడ్డాయి. లెక్క ఉన్నచోట ఈ మూడూ ఉండాలని రెండు భాషలవారికీ అనుభవం నేర్పింది. "అన్నిచోట్లా బావా గాని వంగతోట దగ్గర బావా కాదు" అన్న సామెత ఊరకనే పుట్టలేదు.

ఇంత విలువైన పత్రం ఏజెంటు జేబులోనే నలిగిపోవడం విచారకరం. వీటి ఛాయాచిత్రాలను ప్రజల ముందు ఉంచాలని 2024 ఎన్నికల మధ్యలో సుప్రీంకోర్టును కోరగా, పోలింగు జరుగుతున్న వేళ జోక్యం చేసుకోలేమని మే 24న న్యాయస్థానం చెప్పింది. నకళ్లను మార్చి దొంగ ప్రతులు ప్రచారం చేసే ప్రమాదముందని ఎన్నికల సంఘం అభ్యంతరం. ఆ భయం నిరాధారమని అనలేము. కాని దొంగ ప్రతికి విరుగుడు అసలు ప్రతిని దాచడం కాదు, దానిని అందరికీ చూపడం. అసలు గోడమీద ఉంటే నకిలీని ఎవరు నమ్ముతారు?

ఇంటి నుండి ఓటు

ఇప్పుడు మరొక ప్రతిపాదన వినబడుతోంది: పోలింగు కేంద్రమే అవసరం లేకుండా చేతిలోని ఫోను ద్వారా ఓటు వేయవచ్చునని. 2021 అక్టోబరులో మన ఖమ్మంలోనే ఇటువంటి ప్రయోగాత్మక పరీక్ష జరిగింది. ఎస్టోనియా దేశంలో 2005 నుండి ఇంటర్నెట్ ఓటు ఉంది; 2023 ఎన్నికలలో సగానికి పైగా ఓట్లు ఆ విధంగానే వచ్చాయి. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల నుండి గల్ఫు దేశాలకు పోయి కష్టపడుతున్న మన సోదరులు ఓటు వేయాలంటే నేటికీ సొంత ఊరికి స్వయంగా రావలసిందే. వారి బాధ న్యాయమైనదే. దేశంలోనే వలస వెళ్లినవారి కొరకు 72 నియోజకవర్గాల ఓట్లు నమోదు చేయగల యంత్రాన్ని 2023 జనవరిలో ఎన్నికల సంఘం ముందుకు తెచ్చింది; పలు పక్షాలు అభ్యంతరం చెప్పాయి.

సౌకర్యం ముఖ్యమే. కాని పోలింగు కేంద్రంలోని ఆ చిన్న అట్టతెర విలువను మనం తక్కువ అంచనా వేయరాదు. ఆ తెర వెనుక కోడలి పక్కన అత్త ఉండదు. కూలీ పక్కన మేస్త్రీ ఉండడు. బాకీదారు పక్కన వడ్డీవ్యాపారి ఉండడు. ఫోనులో ఓటు వేసే ఇంట్లో ఆ తెర ఎవరు కడతారు? ఎస్టోనియాలో ఓటరు తరువాత మరల ఓటు వేసి మొదటిదానిని మార్చుకోవచ్చు. బలవంతానికి అదొక విరుగుడే. కాని ఓటుకు డబ్బు పంచే అలవాటున్న మన గడ్డపై ఫోను అందరి చేతిలో ఉన్నా స్వేచ్ఛ అందరి చేతిలో లేదని గుర్తుంచుకోవాలి. సైనికులకు బ్యాలెట్ పత్రాన్ని ఎలెక్ట్రానిక్ పద్ధతిలో పంపి, ముద్రించుకొని గుర్తుపెట్టిన కాగితాన్ని తపాలాలో తెప్పించుకొనే విధానం ఇప్పటికే మనకున్నది. వెళ్లేటప్పుడు తీగ, వచ్చేటప్పుడు కాగితం: విదేశాలలోని మనవారికి ఈ మార్గాన్ని ముందుగా పరిశీలించడం వివేకం.

మన వాడ, మన మొహల్లా

మొదటి వాగ్దానమైన రహస్యానికి యంత్రం తెచ్చిన చిక్కు మరొకటి ఉంది. ఇది మనవంటి అల్పసంఖ్యాక వర్గాలకు, బడుగులకు మరింత ముఖ్యమైనది. కాగితపు రోజులలో పలు కేంద్రాల ఓట్లను కలిపివేసి లెక్కించే వీలు నియమాలలో ఉండేది. ఏ వాడ ఎవరికి వేసిందో తెలియకుండా ఉండడమే అందులోని ఉద్దేశం. యంత్రాలను ఒక్కొక్కటిగా లెక్కించడం వల్ల ప్రతి కేంద్రం ఫలితం విడిగా బయటపడుతుంది. ఒక పోలింగు కేంద్రమంటే వెయ్యి, పన్నెండు వందల ఓట్లు; అంటే ఒక వాడ, ఒక మొహల్లా. ఒక మనిషి ఓటు రహస్యంగానే ఉన్నా మొహల్లా ఓటు బట్టబయలవుతుంది. "మీ వీధి నుండి మాకెన్ని వచ్చాయో తెలుసు" అని గెలిచినవాడు అనగలిగితే, నల్లా నీటికీ వీధి దీపానికీ ఎవరి ముఖం చూడాలి?

దీనికి ఔషధం లేకపోలేదు. 14 యంత్రాల ఓట్లను ఒకేసారి కలిపి లెక్కించే టోటలైజరు అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషను తన 255వ నివేదికలో దానిని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం అంగీకరించనందున అది నేటికీ వినియోగంలోకి రాలేదు. అలా కలిపితే లెక్క బహిరంగత దెబ్బతినదా అని సందేహం కలగవచ్చు. కేంద్రంలో పోలైన మొత్తం ఓట్ల సంఖ్య 17-సిలో సంతకాలతో ఉంటుంది. చీటీలు పెట్టెలో ఉంటాయి. అభ్యర్థుల వారీ సంఖ్యను మాత్రం పదునాలుగు కేంద్రాలకు కలిపి ప్రకటిస్తారు. రెండు వాగ్దానాలూ నిలుస్తాయి. ఉన్న సాంకేతిక జ్ఞానాన్ని వాడుకోవలసిన చోట వాడుకోకపోవడం కూడా లోపమే.

మన కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! యంత్రాన్ని పగులగొట్టమని నేను అనడం లేదు. యంత్రానికి మొక్కమనీ అనడం లేదు. దానిని సాక్షుల మధ్య నిలబెట్టమంటున్నాను. ఆ సాక్షులు ఎక్కడినుండో రారు. పద్దెనిమిది నిండిన మీరే ఆ సాక్షులు. ఏ పక్షమైనా సరే, మీ కేంద్రంలో ఏజెంటుగా కూర్చోండి. పోలింగుకు ముందు కనీసం 50 నమూనా ఓట్లు వేసి చూపే సమయానికి తెల్లవారుజామునే వెళ్లండి. ఆ ఓట్లను చెరిపివేసిన తరువాత యంత్రం సున్నా చూపుతున్నదో లేదో చూడండి. ముద్రకాగితంపై మీ దస్కతు పెట్టండి. సాయంత్రం 17-సి నకలు చేతికి అందేవరకు కుర్చీ విడువకండి. లెక్కింపు రోజున ఆ కాగితాన్ని యంత్రం అంకెతో సరిచూడండి. ఈ పనికి ఇంజనీరింగు పట్టా అవసరం లేదు. ఓపిక, కూడిక చాలు.

కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా ఒక విన్నపం. ఏటా ఒకరోజు ఎన్నికల అధికారులను ఆహ్వానించి, యంత్రాన్ని, చీటీ పెట్టెను, 17-సి పత్రాన్ని విద్యార్థులకు తెలుగులోనూ ఉర్దూలోనూ వివరింపజేయండి. మన తరగతి ప్రతినిధుల ఎన్నికలలో కూడా ఓటు తెర వెనుక, లెక్క అందరి ఎదుట జరిగి, సంతకాలున్న పట్టిక నోటీసు బోర్డుకు ఎక్కేలా నియమం పెట్టండి. ఇక్కడ అలవాటైన పద్ధతినే రేపు మన పిల్లలు తమ ఊరి పోలింగు కేంద్రంలోనూ కోరుతారు. అడిగేవారు ఉన్నచోట లెక్క సరిగా ఉంటుంది.